ఆకుపచ్చ అట్ట పుస్తకం

ఆమదాలవలస స్టేషనుకి రెండు వీధులవతల, బియ్యం మిల్లు ఊక గాలికి ఎగిరొచ్చి గడపల మీద పడే వీధిలో ఉండేది ప్రసూనాంబ. భర్త నారాయణమూర్తి హైస్కూల్లో లెక్కల మేష్టారు. లెక్కల మేష్టారి ఇంట్లో ఈ కథల పిచ్చి ఎక్కడిదని వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోయేవారు. పాతవాళ్ళకి ఆశ్చర్యం లేదు. ఆ పిచ్చి వల్ల వాళ్ళకి లాభమే గాని నష్టం లేదు మరి.

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని ఆవిడ గుమ్మానికి ఆనుకుని కూర్చునేసరికి అరుగు మీదికి ఒక్కొక్కరే చేరేవారు. ఒట్టి చేతులతో ఎవరూ వచ్చేవారు కాదు. ఒకావిడ చేటలో బియ్యం, ఇంకొకావిడ పిక్క తీయాల్సిన చింతపండు, మరొకావిడ వత్తులకి దూది తెచ్చుకునేవారు. చేతులకి పని, చెవులకి కథ. చదువొచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నా వాళ్ళూ వినడానికే వచ్చేవారు. సొంతంగా చదువుకుంటే ఆ రుచి రాదనేవారు. నిజమే. ప్రసూనాంబ గొంతులో ముసలాళ్ళు, పసివాళ్ళు, దొంగలు, జమీందార్లు అందరూ ఉండేవారు. పిలిచినప్పుడు వచ్చి పనయ్యాక వెళ్ళిపోయేవారు.

అరవై ఆరులో మేష్టారు ట్రాన్సిస్టరు రేడియో ఒకటి కొన్నారు. అందులో నాటకాలొచ్చేవి. అరుగు మీది ఆడవాళ్ళు నాలుగు రోజులు విని మొహం చిట్లించారు.

“మల్లీ సెప్పమంటే సెప్పదు, ఆగమంటే ఆగదు. ఏటది? అమ్మగోరి నోరే మంచిది,” అంది కూరలమ్మే తవిటమ్మ. మిగతావాళ్ళూ అవునన్నారు. ఆ తర్వాత రేడియో మేష్టారి వార్తలకి మాత్రమే పనికొచ్చింది.

చదవడం ఒక ఎత్తు, ఎవరికి ఏ పుస్తకం పనికొస్తుందో చెప్పడం ఇంకో ఎత్తు. ఆ రెండోదే ప్రసూనాంబకి అసలు గర్వం. వీధిలో చదువుకున్నవాళ్ళు గ్రంథాలయానికి వెళ్ళేముందు ఆవిడ గుమ్మం తొక్కేవారు. మనిషిని ఒకసారి ఎగాదిగా చూసి, ఇంట్లో అందరూ కులాసానా అని అడిగి, అప్పుడు పుస్తకం పేరు చెప్పేది. కోడళ్ళకి, అత్తగారు బుద్ధి తెచ్చుకునే కథ. అత్తగార్లకి, కోడలు దారికొచ్చే కథ. అత్తా కోడలూ ఒకే రోజు అరుగెక్కితే డిటెక్టివ్ నవల తీసేది. చదువు రానివాళ్ళు పుస్తకాన్ని అట్ట రంగుతో గుర్తు పెట్టుకునేవారు. “మా వొదినకి ఆ ఎర్రట్టది సదవండమ్మా, బాగుంటాది” అని ఒకరికొకరు సిఫారసు చేసుకునేవారు. ఎర్రట్ట, నీలం అట్ట, అట్ట చిరిగినది. ఆ వీధి సాహిత్యమంతా అదీ.

అయితే ఆవిడ దగ్గర ఒక కిటుకుంది. అది మేష్టారికి తప్ప ఎవరికీ తెలియదు. కథ చివర ఎవరైనా చచ్చిపోతుంటే ఆవిడ చావనిచ్చేది కాదు.

అత్తగారు మంచం పట్టినప్పుడు మొదలైంది ఆ అలవాటు. ఒక నవలలో పసిపిల్లాడు పోయాడు. ఆ రోజు ముసలావిడ అన్నం ముట్టలేదు. మర్నాడు ఇంకో పుస్తకంలో, పోవలసిన పిల్లకి ప్రసూనాంబ జ్వరం తగ్గించేసింది. అత్తగారు రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు. అత్తగారు పోయారు, అలవాటు ఉండిపోయింది. కళ్ళు కాగితం మీదే ఉండేవి, నోరు మాత్రం తన దారిన తను పోయేది. ఎక్కడా తడబాటు లేదు.

“రచయితలు చంపినవాళ్ళందరినీ నువ్వు లేవదీస్తున్నావు. మన డాక్టరు గారి కంటే నీ హస్తవాసే మంచిది,” అనేవారు మేష్టారు, తన లెక్కల పేపర్లు దిద్దుకుంటూ.

“పోనిద్దురూ. ఏడిపించడానికి లోకంలో ఇంతమంది ఉన్నారు, నేనూ ఎందుకు?” అనేది ఆవిడ.

మంచి మనసే, కాదనడానికి లేదు. కానీ పుస్తకం మూయగానే “ఎంత బాగా సదివినారమ్మా” అని పదిమంది కళ్ళొత్తుకుంటుంటే కలిగే సంతోషం కూడా ఒకటుంటుంది. అది లేదని ప్రసూనాంబ అనుకునేది. ఉంది.

ఇక తవిటమ్మ. ముందు పుట్టినవాళ్ళు దక్కక, పురిట్లోనే తవుడికి అమ్మి తిరిగి కొనుక్కున్న పిల్ల. అందుకే ఆ పేరు. పక్క పల్లెలో రైతు కుటుంబం. పొద్దున్నే కూరల తట్ట నెత్తిన పెట్టుకుని వీధంతా తిరిగి, మధ్యాహ్నం ప్రసూనాంబ ఇంటి మెట్టు మీద కూర్చునేది. అరుగు ఎక్కేది కాదు, ఎక్కమని ఎవరూ అనేవారూ కాదు. ఆమె మొగుడు కొండబాబు ఈ ఊరి స్టేషన్లోనే హౌరా బండెక్కి కలకత్తా నారమిల్లుకి పోయాడు. మొదట్లో అమ్మవారి పండక్కి వచ్చేవాడు. తర్వాత రావడం మానేశాడు. తర్వాత కబురూ మానేశాడు. తవిటమ్మ అన్నగారింట్లో ఉంటూ, ఆ కబురు కోసమే స్టేషను మీదుగా చుట్టు తిరిగి ఇంటికి పోయేది.

అరవై ఆరు వానాకాలంలో ఒక రోజు, అరుగు మీద అందరూ లేచి వెళ్ళాక, తవిటమ్మ తట్ట ఎత్తకుండా నిలబడింది.

“అమ్మా, మనిసి తిరిగొచ్చే కథ ఏదైనా ఉంటే సదవండమ్మా,” అంది.

“ఎవరు తిరిగొచ్చేదే?”

“మొగుడు,” అంది తవిటమ్మ. అని, తల దించుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ప్రసూనాంబకి గుండె నీరైపోయింది. మేష్టారి చేత గ్రంథాలయంలో వెతికించి వెతికించి, ఆకుపచ్చ అట్ట నవల ఒకటి తెప్పించింది. అందులో సుభద్ర అనే ఆవిడ. భర్త ఓడెక్కి బర్మాలోని రంగం పోతాడు. పోతూ తన పైపంచె ఒకటి మరిచిపోతాడు. సుభద్ర దాన్ని ఉతికి, మడిచి, పెట్టెలో పెట్టుకుని, ప్రతి ఓడకీ రేవుకెళ్ళి నిలబడుతుంది. ఎన్నో ఓడలొస్తాయి. ఆఖరికి రంగం నుంచి ఆ ఏడాది చివరి ఓడ వస్తుంది.

ముందుగా తను చదువుకున్నప్పుడు ప్రసూనాంబకి ఆ ముగింపు నచ్చలేదు. ఓడలో భర్త రాడు. అతనికి అక్కడ ఇంకో సంసారం ఉందని ఒక పెద్దమనిషి చెబుతాడు. ఆ తర్వాత ఇంకా కొన్ని కాగితాలుంటాయి. అవి ప్రసూనాంబకి మరీ ఒళ్ళు మండించాయి. ఇంత చేసి రచయిత సాధించింది ఏమిటి అనుకుంది. మర్నాడు అరుగు మీద ఓడ వచ్చింది. జనమంతా దిగిపోయారు. సుభద్ర వెనక్కి తిరగబోతుండగా, తల నెరిసిన మనిషొకడు కర్ర ఊతతో అందరికన్నా ఆఖర్న దిగాడు. ప్రసూనాంబ అక్కడితో పుస్తకం మూసేసింది.

అరుగంతా ముక్కులు చీదుకుంది. తవిటమ్మ మాత్రం ఏడవలేదు. ఆమె మొహం అప్పుడే కడిగిన గుమ్మంలా కళకళలాడుతూ ఉండిపోయింది. ఆ పూట తట్ట ఎత్తుకుని పోతూ వీధి మలుపులో కూనిరాగం తీసిందని ఎవరో చెబితే ప్రసూనాంబ పొంగిపోయింది. అసలైన మనిషికి అసలైన పుస్తకం చేరింది అనుకుంది.

అప్పట్నుంచి తవిటమ్మ నోట ఆకుపచ్చట్టే. కూర కొన్నవాళ్ళకీ కొననివాళ్ళకీ అదే సిఫారసు. అడిగి అడిగి మళ్ళీ మళ్ళీ చదివించుకునేది. మేష్టారు దాన్ని గ్రంథాలయంలో ఇచ్చేయడం, మళ్ళీ రాయించుకుని తేవడం.

మరుసటి ఎండాకాలం సూరయ్య వచ్చాడు. మిల్లుకి ధాన్యం తోలే బండి మనిషి. పెళ్ళాం పోయి నాలుగేళ్ళయింది. తాగడు, గట్టిగా మాట్లాడడు. ఎద్దుల్ని కూడా అదిలించి ఎరగడని పేరు. మెట్ల కింద నిలబడి తలపాగా తీశాడు.

“అమ్మగోరూ, ఓ మాట సెప్పుకుందామని వచ్చినాను. తవిటమ్మని సేసుకుంటానని ఆళ్ళన్నని అడిగినాను. ఆడు సరే అన్నాడు. మా పెద్దలూ సరే అన్నారు. అదొక్కర్తే సరే అనదు.”

వాళ్ళలో మారుమనువు తప్పు కాదు. వదిలేసి పోయిన మొగుడి కోసం ఏళ్ళ తరబడి కూచోమని ఎవరూ అనరు. పెద్దల ముందు ఒక మాట చెప్పుకుంటే చాలు, పసుపూ గాజులూ మళ్ళీ కొత్తవి. ప్రసూనాంబకి ఆ సంగతి తెలుసు. తెలిసినా మొహం ముడుచుకుంది.

“నేనేం చెయ్యను సూరయ్యా?”

“అడిగితే మీ పుస్తకం మాట సెప్తాది. ఆకర్న దిగుతాడట గదా. ఆగిన ఆడమనిసికి దేవుడు సూపిస్తాడట గదా. ఇంకో రకం పుస్తకం ఉండదేటమ్మా? ఎల్లిపోయినోడు ఎల్లిపోతే, ఉన్నోల్లు ఎలాగ బతికినారో సెప్పీది. అలాటిదుంటే సూసి సదవండి. మీరు సదివితే ఇంటాది.”

ఆ మాట అతనంటున్నప్పుడు ఆకుపచ్చ అట్ట పుస్తకం ఆవిడ వెనక గూట్లోనే ఉంది. అతనడిగిన పుస్తకం అదే. ఆవిడ చదవకుండా వదిలేసిన కాగితాల్లో ఉన్నది అదే.

“అలాంటివి ఎవరూ రాయరు,” అంది ప్రసూనాంబ.

సూరయ్య తలపాగా చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఎందుకలా అందో ఆవిడకే సరిగ్గా తెలియలేదు. పుట్టింట్లో ఆవిడకో మేనత్త ఉండేది. భర్త కాశీ పోయి తిరిగి రాలేదు. ఆవిడ ఆ ఇంట్లోనే ముసలిదై, వత్తులు చేసుకుంటూనే కన్నుమూసింది. ఊరంతా ఆవిడ ఓపికని మెచ్చుకునేది. నీకేం కావాలమ్మా అని ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. ప్రసూనాంబకి ఎదురుచూడటం అంటే ఆ మేనత్త మొహమే. అది గొప్ప మొహమని చిన్నప్పట్నుంచీ విన్నది. తవిటమ్మకి ఇంకో దారి ఉందని, ఆ దారి వాళ్ళ ఆచారంలో ఉన్న మంచి అని, ఆవిడకి తట్టనే లేదు. తన ఇంటి కొలతతో పక్కింటి తలుపు చేయిస్తే ఏమవుతుందో అదే అయింది.

ఆ ఏడాదే ఎదురింటికి కొత్త కోడలు వచ్చింది. జగదీశ్వరి, విజయనగరం పిల్ల, ఎస్సెల్సీ దాకా చదివింది. కాపురానికొచ్చిన వారానికే ప్రసూనాంబ దగ్గరికొచ్చి, “పిన్నిగారూ, మంచి పుస్తకం ఏదైనా చెప్పండి” అని అడిగింది. ఆవిడ ఆ పిల్లని ఎగాదిగా చూసి, గూట్లోంచి ఆకుపచ్చ అట్ట పుస్తకం తీసి చేతిలో పెట్టింది.

పొరపాటు అక్కడ జరిగింది. ఏమరుపాటు అంటే నమ్మాలి. అన్నిసార్లు ఆ ఓడలోంచి ఆ ముసలివాడిని దింపి దింపి, ఆవిడకి పుస్తకంలోనే అలా ఉన్నట్టు ఉండిపోయింది.

తర్వాత చెల్లెలి కూతురు సీమంతానికి ప్రసూనాంబ బొబ్బిలి వెళ్ళింది. అరుగు మీద కథ లేక ఆడవాళ్ళకి పొద్దు పోలేదు. జగదీశ్వరిని చదవమన్నారు. ఆ పిల్ల గొంతు సన్నం, కానీ చదువు స్పష్టం. ఏం చదువుతావంటే ఇదిగో పిన్నిగారు ఇచ్చింది అని ఆకుపచ్చ అట్ట తీసింది. తవిటమ్మ సంబరపడిపోయి మెట్టు మీద సర్దుకు కూర్చుంది.

ప్రసూనాంబ తిరిగొచ్చి, ఇంకా ప్రయాణం చీర మార్చుకోకుండానే, గుమ్మంలో గుంపు. ముందు తవిటమ్మ, చేతిలో పుస్తకం. వెనక అరుగు మీది వాళ్ళు. అందరికన్నా వెనక జగదీశ్వరి.

“అమ్మా, ఈ కోడలుపిల్ల తప్పు సదివేసినాదమ్మా. ఓడలోంచి ఆడు దిగనేదంట. ఇంకోర్ని కట్టుకున్నాడంట. నాను కాదంటే ఇన్నాది కాదు. మీరు ఓపాలి సదివి సెప్పండి. మీ మాటే మాకు రైటు.”

అంటూ పుస్తకం అందించింది. ప్రసూనాంబ పుస్తకం తెరిచింది. కాగితం మీద అక్షరాలు ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నాయి. రాలేదు అనే ఉంది. ఇప్పుడు నిజం చెబితే ఇన్నాళ్ళ అరుగు, ఇన్నాళ్ళ పేరు, ఇంతమంది ముందు ఏమవుతుంది? ఆ ఎర్రట్టలో పిల్ల బతికిందా, ఆ నీలం అట్టలో తల్లి బతికిందా అని మొదలెట్టరూ? తవిటమ్మ మొహం వైపు చూసింది. చెప్పొద్దు అని ఆ మొహం బతిమాలుతున్నట్టు కనిపించింది. అలా కనిపించడం ఆవిడకి అవసరం కాబట్టి కనిపించిందేమో. ఎవరు చెప్పగలరు?

చదివింది. ఓడ వచ్చింది, జనం దిగారు, ఆఖర్న ఆ మనిషి కర్ర ఊతతో దిగాడు. పుస్తకం మూసింది.

“కొత్తమ్మాయి కదా, తొందరలో వరసలు తప్పి చదివి ఉంటుంది,” అంది.

జగదీశ్వరి తలెత్తి ఆవిడ కళ్ళలోకి చూసింది. కోడలుపిల్ల, వీధికి కొత్త, పెద్దావిడతో ఏమంటుంది. “అయ్యుంటుంది పిన్నిగారూ,” అంది. ఆ తర్వాత ఆ పిల్ల ఆ అరుగు ఎక్కలేదు.

లోపల మేష్టారు అంతా విన్నారు. అందరూ వెళ్ళాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“చూడూ, ఇన్నాళ్ళూ నువ్వు బతికించింది కాగితం మీది మనుషుల్ని. దాంతో ఎవరికీ ఇబ్బంది లేదు. ఈ పిల్ల కాగితం మీది మనిషి కాదు,” అన్నారు.

“రేపు చెబుతాను,” అంది ప్రసూనాంబ.

రేపు తవిటమ్మ లేత గుమ్మడికాయ తెచ్చి, నవ్వుతూ గడపలో పెట్టి పోయింది. ఎల్లుండి వాన. ఆ తర్వాత నోరు తెరిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఉండేవారు. ఎవరూ లేని రోజున ధైర్యం ఉండేది కాదు. రేపు అన్న మాటకి అంతం లేదు.

పంటలు ఇంటికొచ్చాక సూరయ్య పెళ్ళి చేసుకున్నాడు. సాలూరు వైపు పిల్లట. అతన్ని తప్పుపట్టడానికి లేదు. దుక్కి నుంచి కోత దాకా ఆగాడు. పెళ్ళికి ముందు ఆఖరిసారి తవిటమ్మని అడిగించాడని, ఆమె “మా ఆయన ఆకర్న దిగుతాడు” అందని, బావి దగ్గర ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే ప్రసూనాంబ విన్నది. బిందె సగంలోనే ఎత్తుకుని ఇంటికొచ్చేసింది. ఆ రోజు ఆవిడకి అన్నం సయించలేదు.

మరుసటి శీతాకాలంలో నారమిల్లులో పనిమానేసి ఊరొచ్చిన పెద్దమనిషి ఒకాయన కబురు తెచ్చాడు. కొండబాబు కులాసాగా ఉన్నాడు. మిల్లు కూలీల లైన్లలో ఇల్లు, అక్కడిదే ఒక పెళ్ళాం, ముగ్గురు పిల్లలు. పెద్దవాడు బడికి పోతున్నాడు. అంటే సూరయ్య మెట్ల కింద నిలబడేనాటికే, ఆకుపచ్చ అట్ట అరుగు మీదికి రాకముందే, అదంతా ఉన్నదన్నమాట.

తవిటమ్మ ఏడ్చిందో లేదో వీధికి తెలియలేదు. తట్ట మానలేదు. “వంకాయలున్నాయి, తీసుకుంటారేటమ్మా” అని అదే గొంతుతో పిలిచేది. మధ్యాహ్నం మెట్టు మీద మాత్రం ఆగేది కాదు. స్టేషను మీదుగా తిరిగి పోవడం మానేసి, పొలం గట్టున అడ్డదారిన పోయేది. ప్రసూనాంబ ఆమె దగ్గర కూరలు కొంటూ, అవసరం లేనివి కూడా కొంటూ, మాట కోసం వెతుక్కునేది. దొరికేది కాదు.

కళ్ళు మంటలని చెప్పి ఆవిడ అరుగు మీద చదవడం తగ్గించేసింది. వీధిలో ఎవరైనా వచ్చి ఏ పుస్తకం చదవమంటారు అని అడిగితే, “నాకేం తెలుసమ్మా, మీకు నచ్చింది చదువుకోండి” అనేది. మనుషుల్ని ఎగాదిగా చూడటం మానేసింది. జగదీశ్వరికి చెబుదామని ఒకసారి ఎదురింటి దాకా వెళ్ళింది. ఆ పిల్ల పురిటికి విజయనగరం వెళ్ళిందన్నారు. తిరిగొచ్చేసింది.

అరవై తొమ్మిది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, వడగాలికి వీధిలో కాకి కూడా లేని వేళ, తవిటమ్మ వచ్చింది. వెంట ఒక పడుచుపిల్ల. గాజులు నిండుగా ఉన్నాయి, మొహం మాత్రం వాడిపోయి ఉంది.

“ఇది అసిరమ్మ, మా ఊరి పిల్లే. దీని మొగుడూ కలకత్తా ఎల్లినాడు. రెండేల్లయినాది, కబురు నేదు. రోజూ టేసను కాడికి పోతన్నాది. దీనికి ఆ ఆకుపచ్చట్ట పుస్తకం సదవండమ్మా.”

ప్రసూనాంబ అలాగే గుమ్మంలో కూలబడింది. ఇదంతా అయ్యాక కూడా ఈ మనిషి ఆ కథనే నమ్ముతోందా? ఇంకో పిల్లని తెచ్చి అదే ఓడరేవులో నిలబెడుతోందా?

“వద్దే తవిటమ్మా. ఆ పుస్తకం వద్దు. అందులో నేను...”

“తెలుసమ్మా,” అంది తవిటమ్మ.

ఎండలోంచి మెట్టు మీదికి జరిగి కూర్చుంది. అసిరమ్మని పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఆ కోడలుపిల్ల సదివిన నాడు కాయితాలన్నీ అయిపోనాయి. అట్ట దాకా సదివినాది. మీరు సదివినప్పుడల్లా ఎనక కొన్ని కాయితాలు మిగిలిపోయీవి. మీరు ఆకరిసారి సదివి మూసిన నాడు నాను ఆటి మీదే సూస్తన్నాను. అన్ని కాయితాలు ఒట్టినే ఎవుడు అచ్చేస్తాడు?”

“మరి ఆనాడే ఎందుకు అడగలేదే? తిట్టినా బాగుండేది.”

“నాకు మీ కథే గావాలమ్మా అప్పుడు. కోడలుపిల్ల సదివింది ఇని ఇంటికెల్లి రేత్రంతా కూకున్నాను. మీరొచ్చి కాదంటే బతికిపోతాననుకున్నాను. మీరు కాదన్నారు. మరి మీరు సదువుకున్నోల్లు, మీకు తెలిదేటి అనుకున్నాను.” అసిరమ్మ భుజం మీద చెయ్యి వేసింది. “నాదీ తప్పే. ఇదిగో ఈ గుంటకి మాత్రం ఉన్నదున్నట్టు సదవండి. ఆ మిగిలిపోయిన కాయితాలు కూడా.”

పుస్తకం గూట్లో లేదు. గ్రంథాలయంలో ఉంది. ప్రసూనాంబ లేచి, చెప్పులు తొడుక్కుని, కొంగు తలమీద కప్పుకుని, ఆ ఎండలో తనే వెళ్ళింది. అన్నేళ్ళలో మేష్టారు లేకుండా ఆవిడ గ్రంథాలయం మెట్లెక్కడం అదే మొదలు. తిరిగొచ్చేసరికి ఇద్దరూ అలాగే కూర్చుని ఉన్నారు.

“మెట్టు మీద వద్దు, పైకి రండి,” అంది.

తవిటమ్మ ఒక్క క్షణం చూసి, అరుగెక్కి, గోడకి ఆనుకుంది. అసిరమ్మ ఆమె వెనకే.

ప్రసూనాంబ చదివింది. గొంతులో ఇంతకు ముందున్న ముసలాళ్ళూ జమీందార్లూ ఎవరూ రాలేదు. ఉన్న అక్షరం ఉన్నట్టు చదివింది. ఓడ వచ్చింది. జనమంతా దిగారు. ఆఖర్న ఎవరూ దిగలేదు. పెద్దమనిషి చెప్పాల్సింది చెప్పాడు. అసిరమ్మ వెక్కిళ్ళు పెట్టింది. ప్రసూనాంబ ఆగి తవిటమ్మ వైపు చూసింది. చదవండి అన్నట్టు తల ఊపింది తవిటమ్మ.

ఆవిడ ఎప్పుడూ పైకి చదవని కాగితాలు తిరిగాయి. సుభద్ర ఆ రాత్రంతా రేవులోనే ఏడుస్తుంది. తెల్లవారుతుంటే పడవవాడొకడు, తడిసిన ఒంటితో, చలికి గజగజ వణుకుతూ ఒడ్డుకొస్తాడు. సుభద్ర ఇంటికెళ్ళి పెట్టె తీసి, ఏళ్ళ తరబడి మడతలు విప్పని ఆ పైపంచె తెచ్చి, అతని భుజాల మీద కప్పుతుంది. అతను పేరడుగుతాడు. ఎన్నాళ్ళుగానో ఫలానావాడి భార్యనని చెప్పడానికి అలవాటుపడిన మనిషి, మొదటిసారి తన పేరు చెబుతుంది. తర్వాత రేవుకి వీపు పెట్టి ఊళ్ళోకి నడుస్తుంది. ఊళ్ళో అప్పటికి పొయ్యిలు రాజుకుంటూ ఉంటాయి. అంతే. ఇంత చిన్న ముగింపుని తను చావు అనుకుంది. చావు కాదని ఇప్పుడు చదువుతుంటే తెలిసింది.

చివరి కాగితం అయింది. అట్ట మిగిలింది.

“తరవాత ఆవిడ ఏటైనాదమ్మా?” అని అడిగింది అసిరమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

ఏదో ఒకటి చెప్పడం ప్రసూనాంబకి ఎంతసేపు? ఒక ఇల్లు కట్టించగలదు, ఒక పిల్లాడిని ఒళ్ళో పెట్టగలదు.

“ఇందులో రాయలేదమ్మా,” అంది.

అసిరమ్మ ఆలోచిస్తూ కూర్చుంది. తవిటమ్మ కొంగు దులుపుకుని లేచింది. మెట్ల కింద ఉన్న ఖాళీ తట్ట చంకన పెట్టుకుంది. అప్పుడంది, కోపం ఏమీ లేకుండా, వంకాయల ధర చెప్పినంత మామూలుగా.

“ఈ కథే బాగున్నాదమ్మా. సూరయ్య నన్నడిగినప్పుడే సదవాల్సింది.”

అసిరమ్మని తీసుకుని వీధిలోకి దిగింది. స్టేషను వైపు తిరగబోయిన ఆ పిల్ల రెక్క పట్టుకుని, పొలం గట్టు దారి వైపు తిప్పింది. ప్రసూనాంబ ఆకుపచ్చ అట్ట పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళిద్దరూ కనిపించినంత దూరం చూస్తూ అరుగు మీదే ఉండిపోయింది.